అమదోర్ ఎత్తుకి వేసిన బంతి

ఆగస్టు 27, గురువారం

ఊరొచ్చేశాం! మిషిగన్ నుంచి సాన్ టెల్మో దాకా పికప్ వెనక సీట్లో, ఇద్దరు చెల్లెళ్ళకీ ఐసు పెట్టెకీ మధ్య ఇరుక్కుని వచ్చాను. సామాను దించడానికి కూడా ఆగకుండా మైదానానికి పరుగెత్తాను. అందరూ వేసవంతా ప్రాక్టీసు చేసేశారు. నేనేమో వేసవంతా చెర్రీలు, అవయ్యాక దోసకాయలు.

"ఏరా లీచో, ఇప్పుడా రావడం?" అన్నాడు కోచ్ ఒలివారెస్. "మేమిక్కడ ఎండలో మాడిపోతుంటే నువ్వు చల్లగా చెర్రీలు తింటూ కూర్చున్నావా?"

"తిన్లేదు కోచ్, కోశాను."

అందరూ పగలబడి నవ్వారు. కోచ్ కూడా నవ్వి, బెంచీ చివర చోటు చూపించాడు. కిందటేడూ అదే చోటు. అక్కడి చెక్క మీద నా ఆకారం పడి ఉంటుంది.

భోజనాల దగ్గర నాన్న మళ్ళీ అదే మాట. "ఆడుతున్నావా, వచ్చే వేసవి అమ్మమ్మ దగ్గరుండి ప్రాక్టీసు చేసుకో. బెంచీ మీద కూర్చోడానికైతే ఇక్కడెందుకు? నాతో వచ్చి చెర్రీ చెట్టు నీడన కూర్చో." చెర్రీ చెట్టు నీడన ఎవరైనా కూర్చోగా నేను చూడలేదు. నాన్న కూర్చోనిస్తేగా!

వచ్చే ఏడు నాకు బళ్ళో ఆఖరి ఏడు. వచ్చే వేసవి కూడా కోతలకి ఉత్తరానికి వెళ్ళానంటే ఇక నా ఆట ఐపోయినట్టే. ఈ సీజనులోనే చోటు సంపాదించాలి.

అమ్మమ్మ రొట్టె కాలుస్తూ, "చేతుల్తో పట్టుకుని పరుగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేమిట్రా?" అంది. ఏటి అవతలి దేశంలో పుట్టిన మనిషి. ఆవిడకి కాలితో తన్నితేనే ఆట.

ఆగస్టు 29, శనివారం

నిన్న మొదటి మ్యాచ్. గెలిచాం. అమదోర్ విల్యరేయల్ మూడుసార్లు బంతితో ఆఖరి గీత దాటాడు, మూడు టచ్‌డౌన్లు. మూడుసార్లూ అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఏం చెప్పను వాడి ఆట! గుమ్మంలోంచి రావాలంటే తల వంచాలి, అంత పొడుగు. మా జట్టుకి బంతి విసిరేది నాల్డో, ఆకాశంలోకి విసురుతాడు. అమదోర్ కుడి చివరి నుంచి పరుగెత్తి, చెయ్యి చాపి, అటక మీంచి డబ్బా దించినట్టు దించుకుంటాడు. ఇద్దరిదీ మూడేళ్ళ జత. నాల్డో అటు చూడను కూడా చూడడు, ఆ ఎత్తున వేసేస్తాడంతే. నేనైతే ఆ డబ్బా కోసం పీట వేసుకోవాలి.

సెప్టెంబరు 5, శనివారం

నిన్న అమదోర్ మోకాలు పోయింది.

ఎవరూ గుద్దలేదు. పరుగెత్తుతూ పక్కకి తిరగబోయాడు, పాదం గడ్డిలో ఉండిపోయింది, ఒళ్ళు తిరిగింది. అరుపు మా బెంచీ దాకా వినిపించింది. వాళ్ళమ్మ మెట్లు దిగి వస్తుంటే స్టేడియం మొత్తం దారిచ్చింది. చేతిలో తింటున్న మొక్కజొన్న పొత్తు అలాగే ఉంది పాపం, పారెయ్యాలని తోచలేదు.

వాణ్ణి బండెక్కించాక కోచ్ మా బెంచీ వైపు తిరిగాడు. "టాచో! లీచో! హెల్మెట్లు పెట్టండి."

నేను కోరుకోలేదు. ఇక్కడ రాసి పెడుతున్నాను. కోరుకోలేదు. హెల్మెట్ మాత్రం కోచ్ చెప్పకముందే నా తల మీద ఉంది. అది అలవాటు.

టాచోని ముందు పంపాడు. పదిహేనేళ్ళవాడు, నాకంటే ఏడాదిన్నర చిన్న, ఎత్తులో అమదోర్‌కి తమ్ముడిలా ఉంటాడు. బంతి సరిగ్గా చేతుల్లోకొచ్చింది. ఎదర నుంచి మనిషి వస్తున్నాడని కళ్ళు గట్టిగా మూసుకుని వదిలేశాడు. తర్వాత నేను. నాల్డో విసిరాడు. బంతి నా తల మీంచి, ఎగిరి చాపిన వేళ్ళ మీంచి, హాయిగా వెళ్ళిపోయింది. ఓడిపోయాం.

అయినా సరే, మైదానంలో నిలబడ్డాను! ఆ దీపాల వెలుగులో! నిద్ర పట్టడం లేదు.

సెప్టెంబరు 6, ఆదివారం

చర్చి నుంచి అటే అమదోర్‌ని చూడ్డానికి వెళ్ళాను. అమ్మమ్మ బీన్సూ రొట్టెలూ కట్టి ఇచ్చింది. కేవలం చూడ్డానికే వెళ్ళాను. ఎన్నాళ్ళు పడుతుందని నేను అడగలేదు. ఒక్కసారే అడిగాను. వాళ్ళమ్మనొకసారి.

సెప్టెంబరు 8, మంగళవారం

లోపల లిగమెంట్ తెగిందట. ఆపరేషన్. ఈ సీజను ఇక లేదు, అమదోర్‌కి ఇది ఆఖరి సీజను.

ఆ కబురు విని నేను బాధపడ్డాను. నిజంగానే. తర్వాత ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాను. ఎందుకు పరుగెత్తానో తెలీదు, ఏమీ ఆలస్యం కాలేదు.

సెప్టెంబరు 12, శనివారం

రాయాలని లేదు. నిన్న మ్యాచ్‌లో నాల్డో నాకు నాలుగు బంతులు వేశాడు. నాలుగూ తల మీంచే. ఒకటి చూపుడు వేలి గోరుకి తగిలింది, అంతే.

గీత బయట చింతపండు ఐసు అమ్మే చపా, ఊరంతా వినేలా, "లీచో! నిచ్చెన తెచ్చుకోరా! మిషిగన్‌లో మర్చిపోయి వచ్చావా?" అన్నాడు. అందరూ అందుకున్నారు. "నిచ్చెన! నిచ్చెన!" మా చిన్న చెల్లెలు కూడా అరిచింది, అర్థం కాక, అదేదో నాకు జే కొట్టడమనుకుని.

టాచో రెండు పట్టాడు, మూడు వదిలాడు.

సెప్టెంబరు 15, మంగళవారం

నాల్డోని పట్టుకుని అడిగేశాను. "నేనెంత పొడుగుంటానో కనబడదట్రా నీకు?"

"కనబడుతుందిరా. కానీ చెయ్యి నా మాట వినదు. మూడేళ్ళు అక్కడికే వేసింది, అక్కడికే పోతుంది. నేనేం చెయ్యను, నరుక్కోమంటావా?"

ఈ శుక్రవారం నుంచి టాచోనే ఆడిస్తానని కోచ్ తేల్చేశాడు. "నీ చేతులు మంచివే లీచో. కానీ బంతి అందాలి కదా."

బంతి పట్టడంలో నేను మంచి రిసీవర్నే. ఆ ముక్క ఎవరికి చెప్పుకోను? ఇక్కడ రాసుకుంటున్నాను.

సెప్టెంబరు 16, బుధవారం

అమదోర్ ఫోన్ చేశాడు! నాల్డోనీ నన్నూ రేపు బడి అవగానే వాళ్ళ మావయ్య తోటకి రమ్మన్నాడు. ఎందుకని అడిగితే, "పళ్ళు తినడానికి" అని పెట్టేశాడు. ఆ తోటలో పంపరపనసలు ఇంకా పచ్చికాయలు. వీడికి మందులు గానీ ఎక్కువయ్యాయా?

సెప్టెంబరు 17, గురువారం

వీడు మనిషి కాదు! అబ్బబ్బ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను!

పంపరపనస చెట్ల రెండు వరసల మధ్య దారిలో పెట్టె బోర్లించి కూర్చున్నాడు, కాలు ముందుకి చాపి, చంకకర్రలు పక్కన పెట్టుకుని. అక్కడ చెట్లు ముసలివి. రెండు వైపుల కొమ్మలూ దారి మీదకి వంగి కలిసిపోయాయి, కాయలు వేలాడుతూ ఉన్నాయి. వాటి కింద నేను నిలబడొచ్చు. అమదోర్ నిలబడలేడు.

"నాల్డో, నువ్వటు చివర. లీచో, నువ్వు ఇటు పరుగెత్తు. పైకి వేశావంటే కొమ్మకి తగుల్తుంది. కాయ రాల్తుంది."

"రాలితే?" అన్నాడు నాల్డో.

"మావయ్య నన్ను చంపుతాడు. కాబట్టి రాలిన ప్రతి కాయా నువ్వు కొరికి తినాలి."

నాల్డో నవ్వాడు. మొదటి బంతి వేశాడు. కొమ్మకి తగిలింది, రెండు కాయలు దబదబ రాలాయి. తిన్నాడు. ఆ మొహం ఉందే! అమ్మమ్మ గొంతునొప్పికి తాగించే కషాయానికి కూడా నేనంత వంకర్లు పోలేదు. అమదోర్ పెట్టె మీంచి పడిపోయేంత నవ్వాడు, "అమ్మా, కాలు!" అంటూనే నవ్వాడు.

చీకటి పడేసరికి నాల్డోకి పళ్ళు పులిసి మాట రావడం లేదు. కానీ ఆఖరి బంతి, ఒక్కటంటే ఒక్కటి, ఏ ఆకునీ తాకకుండా కొమ్మల కిందుగా వచ్చి నా కడుపులోకి దూరింది. నేను కేకేశాను. మావయ్య ఇంట్లోంచి తిరిగి కేకేశాడు.

అమదోర్ ఇదంతా ఎందుకు చేస్తున్నాడు? జాలా? నా మీద జాలి పడితే నాకు నచ్చదు. రేపు అడుగుతాను.

సెప్టెంబరు 18, శుక్రవారం

అడగలేదు. టాచో ఆడాడు, నేను బెంచీ. బంతి పట్టుకున్నా పట్టుకోకపోయినా కళ్ళు మాత్రం మూస్తున్నాడు.

సెప్టెంబరు 24, గురువారం

ఇవాళ ఒక్క కాయ రాలలేదు!!! నాల్డో అలవాటుకొద్దీ ఒక కాయ అడిగి తిన్నాడు.

ఇంటికొచ్చే దారిలో అమదోర్ అన్నాడు, నేనేమీ అడక్కుండానే. "ఇంట్లో పడుకుని పైకప్పు చూస్తే పిచ్చెక్కుతోందిరా. మీ ఇద్దర్నీ తిడుతుంటే ఆడుతున్నట్టే ఉంది." చంకకర్రలు మట్టిలో దిగబడుతున్నాయి, వాడికి తెలియనివ్వకుండా నేనూ నెమ్మదిగా నడిచాను.

సెప్టెంబరు 26, శనివారం

టచ్‌డౌన్! నాది! నాది, నాది, నాది!

ఎక్కడ మొదలుపెట్టాలి? మూడో భాగంలో టాచో ఇంకోటి వదిలాడు. కోచ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. నాల్డో వెళ్ళి ఆయన చెవిలో ఏదో అన్నాడు. "లీచో!" అన్నాడు కోచ్. వెళ్ళాను. ఎదటి జట్టు, పాలో సెకో ఊరివాళ్ళ పొడుగాటివాడు నా ఎదర నిలబడి, "నువ్వా? బంతులందించే పిల్లాడివనుకున్నాను" అన్నాడు. తోటలో పరుగెత్తినట్టే పరుగెత్తాను. వాడు చేతులు పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు, నాల్డో ఎప్పుడూ పైకే వేస్తాడని ఊళ్ళన్నిటికీ తెలుసుగా! బంతి వాడి మోచేతి కిందుగా వచ్చింది. వాడింకా ఆకాశం చూస్తున్నాడు. నేను గీత దాటేశాను.

చపా అందరికీ ఐసు ఊరికే పోశాడట. నా చేతికిచ్చింది మాత్రం బోల్డంత కారం చల్లి ఇచ్చాడు, వెధవ. "నిచ్చెన అక్కర్లేదులే నీకు" అన్నాడు. నాన్న పికప్ హారన్ కొడుతూనే ఉన్నాడు, అమ్మ చెయ్యి లాగేదాకా.

అమదోర్ గీత బయట ఒంటికాలి మీద గెంతుతున్నాడు. నేను వాడి వైపు పరుగెత్తబోయి, మధ్యలో నెమ్మదించాను. వాడి చోట్లో నేను టచ్‌డౌన్ చేసి వాడి ముందే గంతులేస్తే ఎలా ఉంటుంది? నా సంతోషం వాడికి మరీ అంతగా కనబడకూడదు.

అక్టోబరు 3, శనివారం

గెలిచాం. ఐదు బంతులు. రెండు టచ్‌డౌన్లు. చెయ్యి నొప్పి, రాయలేను.

అక్టోబరు 6, మంగళవారం

ఇప్పుడు టాచో కూడా తోటకొస్తున్నాడు. అమదోర్ పెట్టె మీద కూర్చునే వాడి మొహం మీదకి కాయలు విసురుతాడు. "కళ్ళు తెరు! కాయ మీదేం రాసుందో చదువు!"

"ఏమీ రాసి లేదు కదా."

"చూశావుగా మరి! అంటే కళ్ళు తెరిచే ఉన్నాయి."

టాచో తింటున్న రొట్టె కూడా వదలకుండా ఒంటి చేత్తో పట్టేశాడు. ఈ శుక్రవారం కోచ్ మా ఇద్దర్నీ దింపుతాడట, వాడు ఎడమ చివర, నేను కుడి చివర. పొడుగు వైపు పైకి, పొట్టి వైపు కిందకి. ఎదటివాళ్ళు ఎటు చూసి చస్తారు!

అక్టోబరు 10, శనివారం

చచ్చారు!

అక్టోబరు 19, సోమవారం

నిన్న తోటలో అమదోర్, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. నిరుడంతా వాడి కోసం వచ్చిన, కాలేజీ జట్టుకి ఆటగాళ్ళని ఏరే ఆయన శుక్రవారం మళ్ళీ వచ్చాడట. వాడి భుజం తట్టి, మోకాలెలా ఉందని అడిగాడట. తర్వాత మైదానంలోకి చూసి, "ఆ కుడి చివర పొట్టివాడెవడు?" అన్నాడట.

"ఏం చెప్పావు?" అన్నాను.

"లీచో అని చెప్పా. ఇంకా ఒక ఏడు ఉందని చెప్పా. వచ్చే వేసవి ఇక్కడే ఉంటాడని చెప్పా. ఉంటావుగా?"

"ఉంటాననే అనుకుంటున్నా."

"అనుకోవడమేంట్రా!" అని నా మీదకో కాయ విసిరాడు.

ఇంటికి వెళ్తానని చెప్పి, వాడికి కనబడని వరసలోకి వెళ్ళి, ఎగిరాను. పది అడుగులకోసారి ఎగిరాను. తర్వాత వాడు అక్కడ పెట్టె మీద ఒక్కడే ఉన్నాడని గుర్తొచ్చింది. సిగ్గేసింది. సిగ్గు పడుతూనే ఇంకోసారి ఎగిరాను.

నవంబరు 5, గురువారం

రేపు ఆఖరి మ్యాచ్, మళ్ళీ పాలో సెకో వాళ్ళతోనే. బడి వదిలి వెళ్ళిపోయేవాళ్ళంతా ముందు అమ్మానాన్నల్ని పక్కన పెట్టుకుని మైదానం మధ్యకి నడుస్తారు, అమ్మలకి పూలిస్తారు. ఏటా ఉండేదే. ఈసారి ఇంకోటి ఉంది. దెబ్బ తగిలినవాడు ఆఖరి ఏడువాడైతే, మొదటి బంతి వాడిది. అవతలి కోచ్ ఒప్పుకున్నాడు. వాళ్ళ పిల్లలు ఎవరూ కదలరు, ఎవరూ ముట్టుకోరు. అమదోర్ నిలబడతాడు, నాల్డో వేస్తాడు, వాడు పడతాడు, చప్పట్లు కొడతాం, వాడు బయటికొస్తాడు. డాక్టరు పరుగు వద్దన్నాడు, మోకాలు వంచొద్దన్నాడు. నిలబడి పట్టుకోవడానికి సరే అన్నాడు.

"ఓసారి ఇద్దరూ వేసి చూసుకోండి" అన్నాడు కోచ్.

ఇద్దరూ నవ్వారు. "నాకు వెయ్యడానికి వీడికి ప్రాక్టీసా!" అన్నాడు అమదోర్. "కళ్ళకి గంతలు కట్టి నిలబెట్టండి కోచ్, వేస్తాడు."

అందరం నవ్వాం. ఆ ఒక్క బంతికీ నా చోటు అమదోర్‌కి ఇస్తున్నాం.

పైన సెప్టెంబరులో రాసింది చదివాను. అప్పుడు అమదోర్ చోటు అని రాశాను. ఇప్పుడు నా చోటు అని నాకు తెలియకుండానే రాశాను.

నవంబరు 7, శనివారం

ఉన్నదున్నట్టు రాయాలి.

అమదోర్ జెర్సీ వేసుకుని, మోకాలికి పట్టీతో, కుంటుతూ కుడి చివరికి నడిచాడు. స్టేడియం అంతా లేచి నిలబడింది. వాళ్ళమ్మ చేతిలో పూలున్నాయి. పాలో సెకో వాళ్ళు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా నిలబడ్డారు. నన్ను బంతులందించే పిల్లాడన్న పొడుగాటివాడు అమదోర్‌కి ఎదురుగా ఉన్నాడు. వాడు కూడా కదల్లేదు.

బంతి నాల్డో చేతికొచ్చింది. ఎప్పటిలా అటు చూడకుండా విసిరాడు.

కిందకి వేశాడు. చక్కగా, గట్టిగా, తోటలో కొమ్మల కిందుగా వేసినట్టే. నా కడుపెక్కడ ఉంటుందో అక్కడికి. అమదోర్ చేతులు పైన ఉన్నాయి. వంగబోయాడు, మోకాలు వంగలేదు. బంతి వాడి తొడకి తగిలి గడ్డిలో పడింది.

అంత పెద్ద స్టేడియం చప్పుడు లేకుండా ఐపోయింది. నాల్డో రెండు చేతులూ హెల్మెట్ మీద పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "చెయ్యి... చెయ్యి దానంతటదే..." అంటున్నాడు. ఒక్కటే బంతి. ఐపోయింది. అది నా బంతి. సెప్టెంబరు నుంచీ నేను కోరుకున్న బంతి అదే, అది వచ్చి వాడి కాలికి తగిలింది.

ముందు నవ్వింది అమదోర్. "ఒరేయ్ నాల్డో! అది లీచోకి వేశావు కదరా!" మైదానమంతా వినిపించింది. "తప్పు నాదే. కాయలు తినిపించింది నేనే!" నవ్వుతూనే ఉన్నాడు, కానీ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అప్పుడా పొడుగాటివాడు కదిలాడు. బంతి తీసుకుని, తుడిచి, మా నాల్డో చేతిలో పెట్టాడు. "మళ్ళీ వెయ్యి" అన్నాడు. వాళ్ళ కోచ్ అవతలి గీత మీంచి చెయ్యి ఊపాడు. సరే అని.

నాల్డో బంతి పట్టుకున్నాడు గానీ నేల మీంచి లేవలేదు. నేను ఎవర్నీ అడక్కుండా మైదానంలోకి పరుగెత్తాను. కోచ్ వెనక నుంచి ఏదో అరిచాడు.

"నాకు చేతకావడం లేదురా" అన్నాడు నాల్డో. "కిందకే పోతుంది."

"సెప్టెంబరు గుర్తుందా? నన్ను చూసి ఊరంతా నిచ్చెన, నిచ్చెన అన్నారు. గుర్తుందా?"

"ఊఁ."

"అప్పుడు నాకు వేసినట్టు వెయ్యి. నాకు అందకుండా వెయ్యి."

వాడు నా వంక చూశాడు. లేచి నిలబడ్డాడు. నేను పక్కకి తప్పుకున్నాను.

బంతి దీపాల దాకా లేచింది. నేను నిచ్చెనెక్కినా అందేది కాదు. అమదోర్ మడమ కూడా ఎత్తలేదు. రెండు చేతులూ పైకి చాపి, అటక మీంచి డబ్బా దించినట్టు, దించుకున్నాడు.

అంత అరుపు ఈ ఊళ్ళో నేనెప్పుడూ వినలేదు. అవతలి ఊరివాళ్ళు కూడా అరిచారు. వాళ్ళమ్మ పూలు కింద పడేసుకుంది. చపా ఐసు బండి వదిలేసి గీత దాటి వచ్చేశాడు. నేనెంత అరిచానంటే ఇవాళ గొంతు లేదు. సంతోషం దాచుకోవాలని గుర్తే రాలేదు.

అమదోర్ బంతి పట్టుకుని కుంటుతూ బయటికొస్తూ నా దగ్గర ఆగాడు. నా హెల్మెట్ మీద గట్టిగా కొట్టాడు. "వెళ్ళరా, చోటు ఖాళీగా ఉంది."

వెళ్ళాను. తర్వాతి బంతి నా కడుపు దగ్గరికొచ్చింది.

నవంబరు 8, ఆదివారం

పొద్దున నాన్న పికప్ కడుగుతున్నాడు. నేను గొట్టం పట్టుకున్నాను. నా వంక చూడకుండా, "వచ్చే వేసవి చెర్రీలు కోసే నీ నిచ్చెన మీ బాబాయి కొడుక్కిస్తాలే. వాడు చెట్టెక్కుతానని గోల పెడుతున్నాడు" అన్నాడు. అంతే, మళ్ళీ చక్రాలు తోముకున్నాడు.

గొట్టం అక్కడే పడేశాను. నీళ్ళు వీధిలోకి పోతున్నాయని నాన్న అరుస్తున్నాడు. అరవనీ. ముందు అమదోర్‌కి చెప్పి రావాలి.